పన్నులో లేని పన్ను నొప్పి: దవడ కండలు, నరాల గురించి

మా అక్కకి కింద దవడలో ఎడమ వైపు ఒక పన్ను తీసేశారు, ఆ పన్నుకి అసలు ఏ జబ్బూ లేదు. ముందు రూట్ కెనాల్ చేశారు, నొప్పి పోలేదు, క్యాప్ ఎత్తుగా కూర్చుందేమో అని అరగదీశారు, అయినా పోలేదు, చివరికి పన్నే పీకేశారు, పీకేసిన చోట కూడా అదే నొప్పి. చెవిలో పోటు అని ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరికి వెళ్తే చెవి శుభ్రంగా ఉందమ్మా అన్నారు, కణత నొప్పికి ఇంకో చోట మైగ్రేన్ మాత్రలు రాశారు. ఇలా తిరిగి తిరిగి చాలా కాలానికి ఓరల్ మెడిసిన్ (నోరు, దవడ జబ్బుల వైద్యం) చదివిన ఒక మేడమ్ దగ్గరికి చేరింది. ఆవిడ ఎక్స్‌రే చూడకముందే అక్క చెంప మీద రెండు వేళ్ళు పెట్టి గట్టిగా నొక్కి, కొన్ని సెకన్లు అలాగే పట్టుకున్నారు. అక్క ఉలిక్కిపడి "అదేనండీ, ఆ పన్ను నొప్పే వస్తోంది" అంది. పన్ను అప్పటికే లేదు అక్కడ.

నేను డాక్టర్ని కాదు, కానీ అప్పటి నుంచి దీని గురించి దొరికినవన్నీ చదువుతూనే ఉన్నా, తెలిసిన డెంటిస్టులని, ఫిజియోథెరపిస్టులని అడుగుతూనే ఉన్నా, ఎందుకంటే మా చుట్టాల్లో, ఆఫీసులో, అపార్ట్‌మెంట్లో ఎంతమంది ఈ నొప్పితో తిరుగుతున్నారో చూస్తుంటే బాధేస్తోంది. అందరూ "కీలు అరిగిపోయింది" అనో "జ్ఞానదంతం" అనో "నరాల వీక్‌నెస్" అనో ఏదో ఒకటి అనేసుకుని ఊరుకుంటున్నారు. దవడ కీలు దగ్గర నొప్పి వచ్చిందంటే కీలే పాడైందని కాదు, చాలాసార్లు కీలుని కదిపే కండలు నొప్పిని పుట్టిస్తాయి, ఆ నొప్పిని మోసే నరం దాన్ని వేరే చోట చూపిస్తుంది, ఎక్కువకాలం ఉంటే అదే నరాల వ్యవస్థ దాన్ని పెంచుతుంది కూడా. నేను రాయాలనుకున్నది దీని గురించే.

ముందు కీలు ఎక్కడుందో చూద్దాం. చెవి రంధ్రానికి కాస్త ముందు వేలు పెట్టి నోరు మెల్లగా తెరిచి మూయండి, వేలి కింద ఒక గుండులాంటిది కదులుతుంది. కింది దవడ ఎముక పైకొచ్చి, పుర్రెలో కణత ఎముక అడుగున ఉన్న చిన్న గుంటలో కూర్చునే చోటు అది, దాన్నే టీఎమ్‌జే (టెంపొరోమాండిబ్యులర్ జాయింట్) అంటారు. రెండు ఎముకల మధ్యలో గట్టి పీచుతో చేసిన పల్చటి డిస్క్ ఉంటుంది. నోరు కొద్దిగా తెరిస్తే ఆ గుండు ఉన్నచోటే తిరుగుతుంది, ఇంకా తెరిస్తే గుంటలోంచి ముందుకి జారుతుంది, డిస్క్ కూడా దాంతో పాటు జారాలి. పైగా రెండు చెవుల దగ్గర రెండు కీళ్ళున్నా కింది దవడ ఒకటే ఎముక, కాబట్టి కుడి వైపు ఏ తేడా వచ్చినా ఎడమ వైపు కూడా దానికి తగ్గట్టు కదలాల్సిందే. మామూలుగా పెద్దవాళ్ళకి నోరు 40 మిల్లీమీటర్లకి పైనే తెరుచుకోవాలి, అంటే మన మూడు వేళ్ళు పక్కపక్కన పెట్టి నిలువుగా దూర్చితే పట్టాలి. రెండు వేళ్ళు కూడా కష్టమైతే చూపించుకోవాలి.

టక్ టక్ మని శబ్దం వస్తే చాలామంది భయపడిపోతారు. డిస్క్ కాస్త ముందుకి జరిగి, నోరు తెరిచినప్పుడు మళ్ళీ దాని చోటికి వచ్చేటప్పుడు ఆ చప్పుడు వస్తుంది, నొప్పి లేకుండా, నోరు పూర్తిగా తెరుచుకుంటూ ఉంటే దానికి వైద్యం అక్కర్లేదు. ఎమ్మారై తీస్తే ఏ నొప్పీ లేనివాళ్ళలో కూడా దాదాపు మూడో వంతు మందికి డిస్క్ జరిగే ఉంటుంది. అందుకే స్కానింగ్ రిపోర్టులో డిస్క్ డిస్‌ప్లేస్‌మెంట్ అని చూసి నొప్పికి అదే కారణం అని తేల్చేయడం తొందరపాటు, కండలని చెయ్యి పెట్టి చూడకుండా స్కానింగ్‌కి పంపడం నాకైతే అస్సలు నచ్చదు.

ఇక కండలు. నమలడానికి ముఖ్యంగా నాలుగు జతలు. పళ్ళు గట్టిగా కొరికి పట్టి చెంప మీద చెయ్యి పెడితే ఉబ్బుతుందే, అది మాసెటర్, చెంప ఎముక నుంచి దవడ మూల దాకా ఉంటుంది. కణత మీద చెయ్యి పెట్టి కొరికితే అక్కడ కదిలేది టెంపొరాలిస్, విసనకర్రలా పరుచుకుని కింది దవడకి అతుక్కుంటుంది. దవడ ఎముకకి లోపలి వైపు, గొంతు పక్కగా ఇంకోటి ఉంది, మీడియల్ టెరిగాయిడ్. కింద పన్నుకి మత్తు ఇంజెక్షన్ ఇచ్చాక కొందరికి కొన్ని రోజులు నోరు సరిగ్గా తెరుచుకోదు చూశారా, సూది ఆ కండకి తగలడం వల్ల కూడా అది అవుతుంది, పళ్ళ డాక్టర్లకి బాగా తెలిసిన సంగతే. ఈ మూడూ నోరు మూసేవి. నాలుగోది లాటరల్ టెరిగాయిడ్, చిన్నది, లోతుగా ఉంటుంది, వేలితో సరిగ్గా అందదు, కీలు గుండుని ముందుకి లాగి నోరు తెరిపించేది ఇదే, దీని పై భాగంలో కొన్ని పోగులు డిస్క్‌కి కూడా అతుక్కుని ఉంటాయి. ఇది నొప్పెడితే సరిగ్గా కీలు లోపలే నొప్పి ఉన్నట్టు, లేదా సైనస్ పట్టినట్టు అనిపిస్తుంది.

చాలామందికి తెలియని విషయం ఒకటుంది. ఊరికే కూర్చున్నప్పుడు పై పళ్ళూ కింది పళ్ళూ తగలకూడదు! పెదాలు కలిసి ఉండాలి, పళ్ళ మధ్య 2 నుంచి 4 మిల్లీమీటర్ల ఖాళీ ఉండాలి. తినేటప్పుడు, గుటక వేసేటప్పుడు తగిలేదంతా కలుపుకున్నా రోజు మొత్తంలో ఓ 20 నిమిషాలు దాటదని దంతవైద్యం పుస్తకాల్లో రాస్తారు. మరి మనం చేసేదేంటి, లాప్‌టాప్ ముందు కూర్చుంటే పళ్ళు బిగపట్టి ఉంటాం, ట్రాఫిక్‌లో బండి నడుపుతుంటే బిగపట్టి ఉంటాం, మా అక్క అకౌంట్స్‌లో పని చేస్తుంది, నెలాఖరు వచ్చిందంటే పొద్దున్నుంచీ రాత్రిదాకా దవడ బిగించే ఉంటుంది, దానికి తెలియదు కూడా. గట్టిగా కొరకనక్కర్లేదు, ఊరికే తాకించి గంటల తరబడి ఉంచినా ఆ కండలకి విశ్రాంతి ఉండదు. విశ్రాంతి లేని కండకి నెత్తురు సరిగ్గా అందదు, అందులో పేరుకునే రసాయనాలు నొప్పి నరాల కొసలని రేపుతాయి, అవి ఒకసారి రేగితే మామూలుగా నొక్కినా, మెత్తటి ఇడ్లీ నమిలినా నొప్పే.

నిద్రలో పళ్ళు కొరకడం వేరే సంగతి. మన ఇళ్ళల్లో పిల్లలు నిద్రలో పళ్ళు పటపటా కొరికితే కడుపులో నులిపురుగులు ఉన్నాయంటారు, మా అమ్మమ్మ వెంటనే పురుగుల మందు వేయించేది. పురుగుల మందు వేస్కుంటే తప్పు లేదు గానీ పెద్దవాళ్ళలో పళ్ళు కొరకడానికి కారణం అది కాదు. నిద్ర గాఢంగా ఉన్నది కాస్త పైకి తేలే క్షణాల్లో గుండె వేగం పెరిగి, దాని వెనకే దవడ కండలు లయగా బిగుస్తాయి, ఇది మెదడు వైపు నుంచి వచ్చేది. ఒత్తిడి, పొగతాగడం, రాత్రిపూట ఎక్కువ కాఫీ, మద్యం దీన్ని పెంచుతాయి, డిప్రెషన్‌కి వాడే ఫ్లూక్సెటిన్, సెర్ట్రలిన్ లాంటి మందుల వల్ల కూడా కొందరికి మొదలవుతుంది (అలా అని మందు సొంతంగా ఆపేయకండి, రాసిన డాక్టర్‌కి చెప్పండి). ఇంకో మాట, పళ్ళు కొరికే వాళ్ళందరికీ దవడ నొప్పి ఉండదు, పళ్ళు అరిగిపోయినా ఏ నొప్పీ లేకుండా హాయిగా ఉండేవాళ్ళున్నారు. కాబట్టి పళ్ళు కొరకడమే మొత్తం కారణం అనుకోవడం కూడా సరిపోదు, నరం సంగతి చూడాల్సిందే.

ఈ మొత్తానికీ ఒకటే నరం, ట్రైజెమినల్, మెదడు నుంచి నేరుగా వచ్చే 12 జతల నరాల్లో ఐదోది. ఇది మూడు కొమ్మలుగా చీలుతుంది, నుదురు కన్ను ఒకటి, పై దవడ చెంప ఒకటి, కింది దవడ ఒకటి. కింది దవడ కొమ్మ ప్రత్యేకం ఏంటంటే అది స్పర్శ, నొప్పి తీసుకెళ్ళడమే కాదు, నమిలే కండలకి ఆర్డర్లు ఇచ్చేది కూడా అదే. అన్నంలో రాయి పంటి కింద పడిందనుకోండి, మీరు ఆలోచించేలోపే దవడ ఆగిపోతుంది, నోరు తెరుచుకుంటుంది, పన్ను చుట్టూ ఉన్న నరాల కొసలు ఆ కబురు మెదడు కాండానికి (మెదడు అడుగున వెన్నుపాముతో కలిసే భాగానికి) చేర్చగానే మూసే కండలు ఠక్కున ఆగిపోతాయి. పన్ను, కండ, కీలు, నరం అంత దగ్గరగా ముడిపడి ఉన్నాయి. వాటిలో ఒకటి నొప్పి పెడితే మిగతావి తమ పని తాము చేస్కుంటూ కూర్చోవు.

కీలుకి నొప్పి తెలిపే ముఖ్యమైన కొమ్మ పేరు ఆరిక్యులోటెంపోరల్ నరం. ఇది కీలు వెనక నుంచి చుట్టి పైకెళ్తుంది, చెవి ముందు భాగానికి, చెవి దారిలో కొంత భాగానికి, కణత చర్మానికి కూడా ఇదే. కీలులో వాపు వస్తే చెవిలో పోటు ఎందుకొస్తుందో ఇప్పుడు అర్థమైంది కదా. చెవి డాక్టర్ చెవిలో ఏం లేదన్నది నిజమే, అక్కకి చెవిలో నొప్పి రావడమూ నిజమే.

ఇక పన్ను లేని చోట పన్ను నొప్పి సంగతి. ముఖంలో కండలు, పళ్ళు, కీలు, చర్మం అన్నింటి నుంచీ నొప్పి కబుర్లు మోసుకెళ్ళే పోగులు మెదడు కాండం కింది భాగంలో ఒక కేంద్రానికి చేరతాయి, అది కిందికి సాగి మెడ పైభాగంలో వెన్నుపాము దాకా ఉంటుంది. అక్కడున్న ఒక్కో నరకణానికి అనేక చోట్ల నుంచి పోగులు వచ్చి కలుస్తాయి, చెంప కండ నుంచీ, పన్ను నుంచీ, మెడ వెనక నుంచీ కూడా. మూడు పోర్షన్లకీ కలిపి ఒకటే కాలింగ్ బెల్ ఉన్న ఇంట్లో బెల్ మోగితే ఎవరికోసం వచ్చారో లోపలున్నవాళ్ళకి తెలియదు కదా, అలాగే మెదడుకి ఆ నొప్పి ఎక్కడిదో తేలదు, ఎక్కువ అలవాటైన చోటికి, అంటే పన్నుకి అంటగడుతుంది. మాసెటర్ నొప్పి కింది, పై దంతాల్లోనూ చెవిలోనూ తెలుస్తుంది, టెంపొరాలిస్ నొప్పి పై పళ్ళలోనూ తలనొప్పిగానూ తెలుస్తుంది, మెడ పక్కన తాడులా కనిపించే కండ పట్టేస్తే అది నుదురులోనూ చెవి చుట్టూనూ తెలుస్తుంది. మెడ నొప్పి, దవడ నొప్పి చాలామందికి జంటగా ఎందుకుంటాయంటే, కలిసే కేంద్రం ఒకటే కాబట్టి.

దీన్ని కనిపెట్టడానికి ఒక సులువైన గుర్తుంది, నాకు అన్నింటికంటే ముఖ్యం అనిపించేది అదే. అనుమానం ఉన్న పన్నుకి మత్తు ఇంజెక్షన్ ఇస్తే, నొప్పి నిజంగా ఆ పన్నులోనే పుడుతుంటే పోవాలి. పన్ను మొద్దుబారినా నొప్పి అలాగే ఉందంటే అది వేరే చోట నుంచి వస్తోందని గట్టిగా అనుమానించాలి. అక్కకి రూట్ కెనాల్ చేసేటప్పుడు మత్తు ఎక్కాక కూడా లోపల సలుపు ఉందని చెప్పిందట, ఇంకో ఇంజెక్షన్ ఇచ్చి పని కానిచ్చేశారు. ఆ ఒక్క మాట దగ్గర ఆగి ఆలోచించి ఉంటే పన్ను దక్కేది. ఎవరో కావాలని చేశారని నేననను, నొప్పి ఉన్న చోటు వేరు, పుట్టే చోటు వేరు అన్నది క్లినిక్ హడావిడిలో గుర్తు రాదు.

నొప్పి నెలల తరబడి ఉంటే ఇంకో మార్పు వస్తుంది. కబుర్లు ఆగకుండా వస్తూ ఉంటే ఆ కేంద్రంలోని నరకణాలే సున్నితమైపోతాయి, చిన్న కబురుకీ పెద్దగా స్పందిస్తాయి, నొప్పి కాని తాకిడి కూడా నొప్పిగా మారుతుంది. కళ్ళజోడు కాడ కణతకి తగిలినా, దిండు మీద ఆ చెంప ఆనినా, చెవికి కమ్మలు పెట్టుకున్నా బాధ. దీన్ని సెంట్రల్ సెన్సిటైజేషన్ అంటారు. ఈ దశలో కండలో మొదట వచ్చిన ఇబ్బంది తగ్గిపోయినా నొప్పి ఉండొచ్చు. మైగ్రేన్, ఒళ్ళంతా నొప్పులుండే ఫైబ్రోమయాల్జియా, కడుపు మెలిపెట్టే ఐబీఎస్ ఉన్నవాళ్ళకి దవడ నొప్పి ఎక్కువగా ఉండటం కూడా ఇందులో భాగమే. అమెరికాలో ఒపెరా అనే పేరుతో చాలా పెద్ద అధ్యయనం చేశారు, దవడ నొప్పి లేనివాళ్ళని తీసుకుని ఏళ్ళ తరబడి గమనిస్తే, తర్వాత నొప్పి వచ్చినవాళ్ళలో అంతకుముందే నిద్ర చెడిపోవడం, ఒంట్లో వేరే చోట్ల నొప్పులు, ఇబ్బందులు ఎక్కువగా ఉండటం కనిపించింది. అంటే పళ్ళ వరస, కాటు (పై పళ్ళూ కింది పళ్ళూ కలిసే తీరు) తేడా కంటే మనిషి మొత్తం ఎలా ఉన్నారన్నది ఎక్కువ చెప్పింది.

ఇది చదివి "అయితే నీ మనసులోనే ఉంది అన్నమాట" అని ఆడవాళ్ళతో అనేవాళ్ళుంటారు, అక్కతో అన్నారు కూడా. దయచేసి అలా అనకండి. నరాలు సున్నితమవడం శరీరంలో జరిగే మార్పు, ఊహ కాదు. ఈ దవడ నొప్పి ఆడవాళ్ళలోనే ఎక్కువ, అదీ ముఖ్యంగా 20 నుంచి 40 ఏళ్ళ మధ్య, ఇంటి పని, ఆఫీసు పని, పిల్లలు, సరిగ్గా లేని నిద్ర అన్నీ ఒకేసారి మీదపడే వయసు. నొప్పి కనిపించదు కాబట్టి ఇంట్లో నమ్మరు, నమ్మకపోవడం వల్ల ఇంకా బిగపట్టుకుని బతుకుతారు.

ఈ గందరగోళం కొత్తది కాదు. 1934లో అమెరికాలో కాస్టెన్ అనే చెవి ముక్కు గొంతు డాక్టర్, వెనక పళ్ళు పోయి దవడ వెనక్కి పోతే ఆరిక్యులోటెంపోరల్ నరం నలిగి చెవి నొప్పి, ముఖం నొప్పి వస్తాయని రాశారు, చాలాకాలం దీన్ని కాస్టెన్ సిండ్రోమ్ అన్నారు. తర్వాత శరీర నిర్మాణం తెలిసిన సిషర్ లాంటివాళ్ళు, ఆ నరం అలా నలిగే చోట లేదని చూపించారు. 1950లలో న్యూయార్క్‌లో ష్వార్ట్జ్, 1969లో షికాగోలో లాస్కిన్, సమస్య ఎక్కువగా కండల్లో ఉందని, ఒత్తిడి, బిగపట్టే అలవాటు వల్ల అవి అలసిపోతున్నాయని వాదించారు. అయినా కీలునే పట్టుకుని వేలాడటం ఆగలేదు, 1980లలో డిస్క్ తీసేసి ప్రోప్లాస్ట్ టెఫ్లాన్ అనే కృత్రిమ ముక్కలు పెట్టారు, అవి లోపల అరిగి చూర్ణమై చుట్టూ ఉన్న ఎముకని తినేశాయి, 1990ల మొదట్లో అక్కడి మందులు, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ వాటిని వెనక్కి తీయించింది. ఎంతమంది ముఖాలు పాడయ్యాయో తల్చుకుంటే కడుపు తరుక్కుపోతుంది. నొప్పి వస్తే కండ బిగుస్తుంది, బిగిస్తే ఇంకా నొప్పి వస్తుంది అనే పాత లెక్కని కూడా 1991లో జేమ్స్ లండ్, ఆయన తోటివాళ్ళు ప్రశ్నించారు, నొప్పి ఉన్న కండ ఎక్కువ పని చేయదు, మెదడు దాన్ని కాపాడటానికి కదలికని తగ్గించి నెమ్మదింపజేస్తుంది అన్నారు. నోరు పూర్తిగా తెరవలేకపోవడం, నెమ్మదిగా నమలడం చాలావరకు ఆ జాగ్రత్తే.

నరానికే జబ్బు వస్తే ఆ నొప్పి తీరు వేరు. ట్రైజెమినల్ న్యూరాల్జియా అంటారు, కరెంట్ షాక్ కొట్టినట్టు క్షణాల్లో వచ్చి పోతుంది, ఒక్కోటి ఎక్కువలో ఎక్కువ రెండు నిమిషాలు, ముఖం కడుక్కున్నా, బ్రష్ చేసినా, చల్లగాలి తగిలినా మొదలవుతుంది. చాలామందిలో మెదడు కాండం దగ్గర ఒక రక్తనాళం ఆ నరం మొదలుకి ఆనుకుని నొక్కడం వల్ల వస్తుంది, కార్బమజెపిన్ అనే మందు బాగా పని చేస్తుంది. కండ నొప్పి అలా ఉండదు, మొద్దుగా, బరువుగా, గంటల తరబడి సలుపుతూ, నమిలితే పెరుగుతూ ఉంటుంది. ముఖంలో ఒక భాగం తిమ్మిరెక్కి స్పర్శ తగ్గితే మాత్రం ఆలస్యం చేయకుండా న్యూరాలజిస్ట్‌కి చూపించుకోవాలి.

మన దగ్గర నోరు తెరుచుకోవట్లేదంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఇంకోటి ఉంది, గుట్కా, పాన్ మసాలా, వక్క నములుతారా అని. వక్క వల్ల బుగ్గల లోపలి పొర, దాని కింద కండ గట్టిపడి పీచులా అయిపోతాయి, కారం తగిలితే మంట, నోరు క్రమంగా మూసుకుపోతుంది, అది క్యాన్సర్‌గా మారే ప్రమాదం ఉన్న జబ్బు. ఆటో స్టాండ్ల దగ్గర పాతికేళ్ళ కుర్రాళ్ళు ఒక్క వేలు పట్టేంత కూడా నోరు తెరవలేకపోవడం చూస్తుంటే గుండె బరువెక్కుతుంది. గాయం తర్వాత దవడ బిగుసుకుంటే ధనుర్వాతం అనుకుని వెంటనే ఆస్పత్రికి పరిగెత్తాలి. 50 దాటినవాళ్ళకి నములుతుంటే దవడ అలిసి నొప్పొచ్చి, ఆపితే తగ్గి, దానికి తోడు తల దువ్వుకుంటే నొప్పి, చూపు మసకబారడం ఉంటే అది కణత రక్తనాళాల వాపు కావచ్చు, ఆలస్యమైతే చూపు పోతుంది. నడుస్తుంటే దవడ లాగడం, చెమటలు, ఆయాసం ఉంటే అది గుండె జబ్బు కావచ్చు.

ఇక వైద్యం. 2023లో బీఎమ్‌జే అనే బ్రిటిష్ వైద్య పత్రికలో దీర్ఘకాలం ఉండే ఈ నొప్పికి ఒక మార్గదర్శకం వచ్చింది, అందులో గట్టిగా సిఫార్సు చేసినవి చూస్తే ఆశ్చర్యపోతారు, ఫిజియోథెరపిస్ట్ దగ్గరుండి చేయించే దవడ వ్యాయామాలు, కండని చేత్తో నొక్కి సాగదీయడం, మెడ భుజాల భంగిమ సరిచేయడం, ఇంట్లో చేసుకునే స్ట్రెచింగ్, సమస్యని విడమర్చి చెప్పి ధైర్యం ఇవ్వడం, నొప్పి విషయంలో మన ఆలోచన, అలవాట్లు మార్చే సీబీటీ (కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ) కౌన్సెలింగ్. అన్నీ కండలకీ, నరాలకీ సంబంధించినవే. డిస్క్ తీసే సర్జరీనీ, కాటుని శాశ్వతంగా మార్చేసే, పళ్ళకి తొడిగే స్ప్లింట్లనీ వద్దనే గట్టిగా చెప్పింది. మామూలు నైట్ గార్డ్ (రాత్రి పళ్ళకి తొడుక్కునే తొడుగు), బొటాక్స్ (కండని వదులు చేసే ఇంజెక్షన్) కూడా నొప్పికి మొదటి మందుగా ప్రోత్సహించలేదు. నైట్ గార్డ్ పళ్ళు అరగకుండా కాపాడటానికి పనికొస్తుంది, దాన్నే నమ్ముకుని మిగతావి మానేయొద్దు. నొప్పి కోసం మంచి పళ్ళని అరగదీయనివ్వకండి, అరిగింది తిరిగి రాదు.

అక్కకి చెప్పినవి ఇవి. "ఎన్" అన్నప్పుడు నాలుక కొస ఎక్కడ తగులుతుందో, పై పళ్ళ వెనక, అక్కడ నాలుక మెత్తగా ఆనించి పెదాలు మూసి పళ్ళు వదులుగా ఉంచాలి, ఇది రోజంతా. మానిటర్ అంచున చిన్న ఎర్ర బొట్టు స్టిక్కర్ అంటించుకుంది, అది కనిపించినప్పుడల్లా పళ్ళు తగులుతున్నాయా అని చూస్కోవడం. రాత్రి పడుకునేముందు వేడినీళ్ళలో ముంచి పిండిన టవల్ చెంపల మీద, కణతల మీద పెట్టుకుని, తర్వాత వేళ్ళతో మాసెటర్‌ని గుండ్రంగా మెల్లగా రుద్దుకోవడం. నాలుక పైకి ఆనించి ఉంచే, అది వదలనంత మేరకు నోరు తెరిచి మూయడం. ఆవలింత వస్తే గడ్డం కింద పిడికిలి పెట్టుకుని నోరు మరీ పెద్దగా తెరవకుండా ఆపుకోవడం. నొప్పి ఎక్కువున్నప్పుడు సంక్రాంతి సకినాలు, జంతికలు, చెరకు, మటన్ బొక్కలు పక్కన పెట్టి పప్పన్నం, ఉప్మా, పెరుగన్నం, కానీ నెలల తరబడి అలాగే మెత్తగా తింటూ ఉండకూడదు, కండకి మెల్లగా పని అలవాటు చేయాలి. చూయింగ్ గమ్ పూర్తిగా మానేయడం. ఫోన్‌ని భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని మాట్లాడటం మానేయడం, ఇది మెడకీ దవడకీ ఒకేసారి దెబ్బ. నరాలు మరీ సున్నితమైనవాళ్ళకి కొందరు డాక్టర్లు రాత్రిపూట చిన్న మోతాదులో ఎమిట్రిప్టిలిన్ ఇస్తారు, అది డిప్రెషన్ మందు కదా అని భయపడక్కర్లేదు, నొప్పికి ఇచ్చే మోతాదు చాలా తక్కువ, అది నిద్రకీ నొప్పి కబుర్లని తగ్గించడానికీ ఇచ్చేది, కానీ డాక్టర్ చెప్తేనే. గురక, పగలు నిద్రమత్తు ఉంటే స్లీప్ ఆప్నియా (నిద్రలో ఊపిరి ఆగి ఆగి రావడం) ఉందేమో చూపించుకోవాలి, నిద్ర బాగుపడకుండా ఈ నొప్పి పూర్తిగా లొంగదు.

అక్కకి ఒక్క రోజులో తగ్గలేదు. మొదట్లో స్టిక్కర్ చూసిన ప్రతిసారీ పళ్ళు బిగించే ఉన్నాయని తెలిసి ఏడుపొచ్చేదంది, తర్వాత తర్వాత చూసినప్పుడు వదులుగా ఉండటం ఎక్కువైంది, చెవి పోటు ముందు పోయింది, తలనొప్పి తర్వాత తగ్గింది. నెలాఖరుకి, ఇంట్లో ఏదైనా గొడవొచ్చినప్పుడు ఇప్పటికీ పట్టేస్తుంది, కానీ ఏం చేయాలో దానికి తెలుసు, ఇంకో పన్ను పీకించుకోవాలన్న ఆలోచన అయితే లేదు.

ఎక్కడికి వెళ్ళాలి అని అడిగేవాళ్ళకి, ఓరల్ మెడిసిన్ అండ్ రేడియాలజీ అనే విభాగం డెంటల్ కాలేజీ ఆస్పత్రుల్లో ఉంటుంది, హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లో గవర్నమెంట్ డెంటల్ కాలేజీ ఉంది, విజయవాడలో, కడపలో ఉన్నాయి, ముందు అక్కడ చూపించుకోవచ్చు, అక్కడి నుంచి ఫిజియోథెరపీకి పంపించమని అడగండి. వెళ్ళేటప్పుడు పాత ఎక్స్‌రేలు, వాడుతున్న మందుల చీటీలు అన్నీ పట్టుకెళ్ళండి. నొప్పి పొద్దున లేవగానే ఎక్కువా, సాయంత్రానికి ఎక్కువా అన్నది గమనించి చెప్పండి, పొద్దున ఎక్కువైతే రాత్రి కొరకడం, సాయంత్రం ఎక్కువైతే పగలు బిగపట్టడం అయ్యుండొచ్చు, డాక్టర్‌కి అది బాగా పనికొస్తుంది. పన్ను తీయాలి అన్నారంటే, ఎక్స్‌రేలో ఆ పన్నుకి ఏముందో చూపించమని, ముందు ఒకసారి చెంప కండలు, కణతలు, మెడ నొక్కి చూడమని అడగండి. మత్తు ఎక్కాక కూడా నొప్పి ఉంటే నోట్లో దూది ఉన్నా సరే చెయ్యెత్తి ఆపి చెప్పండి.